మాట వినే కో-పైలట్ చాలునా?

విమానం రన్‌వే మీద పరుగెత్తి నేలను విడిచింది. కుడివైపు కూర్చున్న కో-పైలట్ మీటర్ల వంక చూసి, “పైకి ఎక్కుతున్నాం” అన్నాడు. మీరు “గేర్ అప్” అన్నారు. అతను మీట పైకెత్తాడు. చక్రాలు విమానం పొట్టలోకి ముడుచుకున్నాయి.

ఇదంతా ఆకాశంలో జరగలేదు, బల్లమీది కంప్యూటరులో జరిగింది. ఆ కో-పైలట్ మనిషి కాడు. మైక్రోఫోనులో మీ గొంతు విని, చెప్పిన పని చేసే ఒక ప్రోగ్రాము. కంప్యూటరు మీద విమానం నడిపే ఆటలు ఆడే పిల్లలకు ఇలాంటి కో-పైలట్లు కొత్త కాదు. ఇంతగా మాట వినే తోడు దొరికితే ఎవరికి మాత్రం సంతోషం కాదు! కాని ఈ మాట వినడంలోనే ఒక లోపం ఉందని నా అభిప్రాయం. అదేమిటో చెబుతాను. విన్నాక మీరే ఆలోచించండి.

నేలమీదే ఉండి విమానం నడపడం నేర్పే యంత్రాలకు చాలా చరిత్ర ఉంది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆ వాద్యాలలో వాడే తోలు తిత్తులు, గాలి పంపులతోనే లింక్ 1929 నాటికి అటూ ఇటూ ఒరిగే ఒక బుల్లి విమానాన్ని తయారుచేశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వేలాది పైలట్లు అలాంటి యంత్రాలలోనే కూర్చుని శిక్షణ పొందారు. తర్వాత ఆ విద్య ఇళ్లలోని కంప్యూటర్ల మీదికి కూడా వచ్చింది. అలాంటి ఆటలలో ఒకటైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వచ్చింది.

అయితే ఇంట్లో ఒక చిక్కు ఉంది. పెద్ద ప్రయాణికుల విమానాన్ని ఇద్దరు నడుపుతారు. ఒకరు విమానాన్ని నడుపుతుంటే, రెండవవారు మీటర్లను కనిపెట్టి చూస్తూ, రేడియోలో మాట్లాడుతూ, అడిగిన మీటలు కదుపుతూ ఉంటారు. కెప్టెనే ఎప్పుడూ నడపాలని లేదు. ఈ పనులు ఇద్దరూ వంతులవారీగా చేస్తారు. ఇంట్లో మీరు ఒక్కరే. ఉన్నవి రెండు చేతులు, నొక్కవలసిన మీటలు వందలు. అందుకే గొంతుతో ఆజ్ఞ ఇచ్చే ఏర్పాటు నిజంగా మేలైనది. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు.

ఇంతకీ కంప్యూటరు మీ మాట ఎలా వింటుంది? మీ గొంతు గాలిని కదిలిస్తుంది. మైక్రోఫోను ఆ కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. కంప్యూటరు ఆ విద్యుత్తును సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. తర్వాత ఆ ధ్వనిని సెకనులో నూరవ వంతు, యాభయ్యవ వంతు ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూస్తుంది. “స” అని సాగదీసి పలకండి, తర్వాత “ఆ” అనండి. మొదటిదానిలో హెచ్చు పౌనఃపున్యాలు, రెండవదానిలో తక్కువ పౌనఃపున్యాలు బలంగా ఉంటాయి. ఇలాంటి తేడాలను తన దగ్గరున్న నమూనాలతో పోల్చి, అన్నిటికంటే దగ్గరగా ఉన్న మాటను ఎంచుకుంటుంది.

1952లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్ వారు తయారుచేసిన “ఆడ్రీ” అనే యంత్రం తనకు అలవాటైన గొంతు పలికిన అంకెలను మాత్రమే గుర్తుపట్టగలిగింది. 1962లో ఐ.బి.ఎం. కంపెనీవారు ప్రదర్శించిన యంత్రానికి తెలిసినవి 16 మాటలు. ఇప్పటి యంత్రాలు ఎన్నో వేల మాటలు గుర్తిస్తాయి. అయినా సూత్రం మారలేదు. యంత్రం చెప్పేది “మీరు అన్నది ఇదే” అని కాదు, “మీరు అన్నది ఇదే అయి ఉండవచ్చు” అని. పక్క గదిలో మిక్సీ తిరిగితే, మీకు జలుబు చేస్తే, ఆ “అయి ఉండవచ్చు” తప్పిపోవచ్చు.

మనిషి చెవికి కూడా ఇదే ఇబ్బంది. అందుకే పైలట్లు ఇంగ్లీషు అంకెలలో “ఫైవ్”ను “ఫైఫ్” అనీ, “నైన్”ను “నైనర్” అనీ పలుకుతారు. గరగరలాడే రేడియోలో ఒకటి ఇంకొకటిగా వినిపించకుండా ఈ జాగ్రత్త. అంతేకాదు, కంట్రోలు టవరు వారు ఫలానా ఎత్తుకు దిగమంటే, పైలట్ ఆ ఎత్తును తిరిగి చదివి వినిపిస్తాడు. తప్పుగా వింటే అక్కడికక్కడే దొరికిపోతుంది. చెప్పడం, తిరిగి చెప్పడం, సరిచూడడం అనే ఈ మూడు మెట్లు ఎక్కితేనే ఆజ్ఞ పూర్తయినట్లు లెక్క.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కో-పైలట్ ముఖ్యమైన పని ఏమిటి? మీటలు కదపడమా? మీటలు కదపడానికి యంత్రాలు చాలు. కెప్టెన్ పొరబడినప్పుడు “ఆగండి” అనడమే అతని ముఖ్యమైన పని. బల్లమీది కో-పైలట్‌కు సరిగ్గా ఆ పనే సరిగా రాదు. కొన్ని ప్రోగ్రాములు వేగం మించితే హెచ్చరిస్తాయి, నిజమే. కాని ప్రోగ్రాము రాసినవారు ముందుగా ఊహించిన తప్పులనే అవి పట్టుకుంటాయి. మీ గొంతులోని తొందర, మీరు మరచిపోయిన సంగతి వాటికి తెలియవు.

ఇది ఎంత పెద్ద విషయమో రెండు ప్రమాదాలు చెబుతాయి.

1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం దగ్గర ఒక విమానం చక్రాలు సరిగా దిగాయో లేదో తెలియక సుమారు గంటసేపు గాలిలో తిరిగింది. కెప్టెన్ దృష్టి అంతా చక్రాల మీదే. ఇంధనం తరిగిపోతోందని మిగిలిన ఇద్దరికీ తెలుసు. ఆ మాట అన్నారు కూడా. కాని గట్టిగా పట్టుబట్టి చెప్పలేదు. చివరకు ఇంధనం అయిపోయి విమానం కూలింది. అందులో ఉన్న 189 మందిలో 10 మంది చనిపోయారు.

అంతకుముందు 1977 మార్చి 27న, స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో, దట్టమైన పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. వాటిలో ఒక విమానం కెప్టెన్ అనుమతి రాకముందే బయలుదేరబోతే, కో-పైలట్ ఒకసారి ఆపాడు. కెప్టెన్ ఆగాడు. కాసేపటికి వారు వెళ్లవలసిన దారి గురించి టవరు చెప్పింది. కెప్టెన్ మళ్లీ విమానాన్ని కదిలించాడు. ఈసారి కో-పైలట్ ఆపలేదు. ఎదుటి విమానం రన్‌వే మీదనుంచి తప్పుకుందా అని ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు. తప్పుకుందని గట్టిగా జవాబు వచ్చింది. అతను మరి అడగలేదు.

ఇక్కడ మనకు ఎంతో అవసరమైన సంగతి ఒకటి ఉంది. ఆ కెప్టెన్ చాలాకాలంగా సిమ్యులేటరులో ఇతర పైలట్లకు శిక్షణ ఇస్తున్న పెద్ద గురువు. సిమ్యులేటరులో టవరు ఉండదు. బయలుదేరడానికి అనుమతి శిక్షకుడే ఇచ్చుకుంటాడు, ఒక్కొక్కసారి అదీ ఉండదు. ఆ అలవాటు కూడా ఒక కారణమై ఉండవచ్చునని ప్రమాదాన్ని పరిశీలించినవారు అభిప్రాయపడ్డారు. ఆటలో పడిన అలవాటు ఆటతోనే ఆగిపోదన్నమాట.

ఆ ప్రమాదం తర్వాత మాటల విషయంలోనూ మార్పు వచ్చింది. “టేకాఫ్” అనే మాటను రేడియోలో బయలుదేరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలన్నారు. పోర్ట్‌లాండ్ ప్రమాదం తర్వాత 1979లో నాసా సంస్థ ఈ విషయంపై ఒక సదస్సు జరిపింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు ఒక కొత్త శిక్షణ మొదలుపెట్టింది. చిన్నవారు మర్యాద తప్పకుండానే గట్టిగా చెప్పడం, పెద్దవారు కోపం తెచ్చుకోకుండా వినడం అందులో పాఠాలు. తర్వాత ప్రపంచమంతటా పైలట్లు ఆ పాఠం చదువుతున్నారు.

“ఇది ఆటే కదండీ, ఎవరికీ దెబ్బ తగలదు కదా!” అని మీరు అనవచ్చు. నిజమే. కాని “చెయ్యి” అనగానే “సరే” అనే తోడుతో రోజూ ఆడితే ఏ అలవాటు పడుతుంది? మన మాటకు ఎదురు ఉండదనుకునే అలవాటు. అది విమానంలోనే కాదు, ప్రయోగశాలలోనూ, ఆటస్థలంలోనూ, ఇంట్లోనూ చెడ్డ అలవాటే.

అందుకని ఆట మానమనను. ఆడే తీరు మార్చమంటాను. ఆజ్ఞ ఇచ్చేముందు దానికి తగిన స్థితి ఉందో లేదో మీరే చూసి పైకి అనండి. రెక్కల అంచున ఉండే ఫ్లాప్స్ అనే పలకలను దించమనే ముందు వేగం ఎంతుందో చదవండి. ఆజ్ఞ ఇచ్చాక కో-పైలట్ “సరే” అన్నంత మాత్రాన నమ్మకండి. మీట కదిలిందా, మీటరులో ముల్లు మారిందా చూడండి. తెరమీద టవరు ఉన్నా లేకున్నా, అనుమతి లేనిదే బయలుదేరకండి.

అన్నిటికంటే మంచిది ఇంకొకటి ఉంది. వారానికి ఒకరోజైనా మైక్రోఫోను పక్కన పెట్టి, మీ స్నేహితుణ్ణో చెల్లెలినో పక్కన కూర్చోబెట్టుకోండి. “నేను తప్పు చేస్తే ఆపడం నీ హక్కు మాత్రమే కాదు, నీ పని కూడా” అని ముందే చెప్పండి. ఒకరోజు మీరు కావాలనే ఒక తప్పు చేసి, వారు పట్టుకుంటారో లేదో చూడండి. పట్టుకుంటే మెచ్చుకోండి. మరునాడు మీరు కుడివైపు కూర్చోండి. కంప్యూటరు లేనివారు అట్టముక్క మీద మీటర్లు గీసుకుని కూడా ఈ ఆట ఆడవచ్చు. పైలట్ల పనిలో అతి కష్టమైన భాగం, అంటే పెద్దవారి ముఖం చూసి “ఆగండి” అనడం, అట్టముక్కతో కూడా నేర్చుకోవచ్చు.

మీలో కొందరు పెద్దయ్యాక ఇలాంటి ప్రోగ్రాములు రాస్తారు. అప్పుడు మీ కో-పైలట్‌కు “సరే” అనే మాటతోబాటు “ఎందుకు?” అనే మాట కూడా నేర్పండి.