ఆ వయొలిన్లు ఎవరి పక్షం?

సినిమాలో నేపథ్య సంగీతం అమాయకమైనదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కథ గురించి మాట్లాడతాం, మాటల గురించి మాట్లాడతాం. కెమెరా చూపు మగచూపని 1975లో లారా మల్వీ రాసిన దగ్గర్నుంచీ ఆ చూపు గురించి చర్చిస్తూనే ఉన్నాం. చెవి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. మనవాళ్లు రీరికార్డింగ్ అని పిలిచే ఆ పని అన్నీ అయ్యాక చివర్లో జరుగుతుంది కాబట్టి, అది విస్తట్లో ఆఖరున పోసే మజ్జిగ లాంటిదనుకుంటారు. తెర మీది ఆడమనిషిని చూసి జాలిపడాలో విసుక్కోవాలో మనకంటే ముందే తేల్చేసేది చాలాసార్లు అదే. కాలేజీ నుంచి ఇంటికి నడిచి వెళ్తున్న అమ్మాయి వెనకాల ఒకడు బైకు మీద వస్తుంటాడు. వెనక ఫ్లూటు ఊదితే అది ప్రేమ. ఆ ఫ్లూటు తీసేసి చూడండి, పోలీసు కేసు.

తీసేసి చూడండి అన్నది మాటవరసకి అనడం లేదు. నేను తీసి చూశాను. మన సినిమా మీద కాదు, స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ (1980) మీద. అందులో ఉన్న సంగీతాన్ని తొలగించి, అదే సినిమా కోసం వెండీ కార్లోస్, రేచెల్ ఎల్కిండ్ అనే ఇద్దరు స్త్రీలు తయారుచేసిన సంగీతాన్ని పెట్టాను. కుబ్రిక్ అందులో చాలాభాగం పక్కన పడేశాడు. ఇలాంటి పనిని ఫ్యాన్ ఎడిట్ అంటారు. ఈ సంగతి ఒక సెమినార్లో చెప్తే ఒక పెద్దాయన నవ్వి, “ఖాళీ ఎక్కువైనట్టుంది మేడమ్” అన్నాడు. టీ దగ్గర ఒక మిత్రురాలు, “మగవాళ్ల సినిమాకి మనం వెట్టిచాకిరీ చెయ్యడం ఏమిటే?” అంది. పెద్దాయన మాట నన్ను పెద్దగా బాధించలేదు, అలాంటివి విని విని అలవాటైంది. మిత్రురాలి మాట మాత్రం ఊరికే వదిలేసేది కాదు.

ముందు ఆ ఇద్దరి గురించి చెప్పాలి. 1968లో ‘స్విచ్డ్-ఆన్ బాక్’ అనే రికార్డుతో మూగ్ సింథసైజర్‌ని ఇంటింటికీ తెలిసిన వాయిద్యం చేసింది కార్లోస్. దానికి మూడు గ్రామీలు వచ్చాయి. ఎల్కిండ్ ఆ రికార్డుల నిర్మాత, గాయని, పనిలో సగం. 1971లో కుబ్రిక్ ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’కి వాళ్లే పనిచేశారు. కార్లోస్ ట్రాన్స్‌జెండర్ స్త్రీ. 1979లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో ఆ సంగతి లోకానికి చెప్పింది. అంతవరకూ అట్టల మీద ఉన్నది పుట్టినప్పుడు పెట్టిన మగపేరే. మరుసటి సంవత్సరం విడుదలైన ‘ది షైనింగ్’ కోసం ఇద్దరూ కలిసి స్టీఫెన్ కింగ్ నవల చదువుకుని, సింథసైజర్ మీద, ఎల్కిండ్ గొంతు మీద, ఎంతో సంగీతం రికార్డు చేశారు. సినిమాలో మిగిలింది ఎంత? కొండదారి మీద పసుపు కారు పాక్కుంటూ వెళ్లే మొదటి దృశ్యంలో వినిపించే ‘డీయెస్ ఈరే’, ఆ తర్వాత ఒకటి రెండు తునకలు. తక్కినదంతా బార్టోక్, లిగెటి, పెండెరెట్స్కీ. అంతకుముందే అచ్చయిన, ఆ సినిమాతో ఏ సంబంధమూ లేని రికార్డులు. ఇద్దరి శ్రమలో ఎక్కువ భాగం డబ్బాల్లోకి పోయి, 2005లో ‘రీడిస్కవరింగ్ లాస్ట్ స్కోర్స్’ పేరుతో రెండు డిస్కులుగా బయటికొచ్చింది. నేను వాడినవి ఆ డిస్కులే.

దర్శకుడు సంగీతాన్ని తిరస్కరించడం మామూలేగా, అతనికి మగా ఆడా తేడా లేదుగా అంటారు. నిజమే. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)కి అలెక్స్ నార్త్ కట్టిన సంగీతానికీ కుబ్రిక్ చేసింది ఇదే. కనుక ఇది ఆడవాళ్లని తొక్కేసిన కథ అని నేను చెప్పబోవడం లేదు. అంత సులువు కథ అయితే ఇన్ని నెలలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూచోనక్కర్లేదు.

పని ఎలా సాగిందో చెప్తాను, ఎందుకంటే నాకు తట్టినవన్నీ పనిలోంచి తట్టినవే. ఈ సినిమా మొదట మోనోలో విడుదలైంది, అంటే మాట, చప్పుడు, సంగీతం అన్నీ ఒకే తాడుగా పేనేసి ఉంటాయి. 2001లో డివిడి కోసం 5.1 మిక్స్ చేశారు. అందులో మాటలు ఎక్కువగా మధ్య చానల్లో ఉంటాయి గానీ సంగీతం అందులోకీ కారుతూనే ఉంటుంది. ఈమధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్లు మాటనీ సంగీతాన్నీ చాలావరకు విడదీస్తాయి. అయితే సంగీతంతో పాటు అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, బట్టల రాపిడి కూడా కొట్టుకుపోతాయి. వాటిని మళ్లీ పుట్టించాలి. మా ఇంటి నాపరాళ్ల మీద చెప్పులతో నడిచి, కంబళి పరిచి దాని మీద నడిచి రికార్డు చేశాను. తలుపు మీద గొడ్డలి దెబ్బలు మాత్రం అసలువే, వాటికి ఏ సాయమూ అక్కర్లేదు.

సంగీతం తీసేశాక, కొత్తది ఇంకా పెట్టకముందు, ఆ మధ్య ఖాళీలో నాకు వినిపించినదే ఈ వ్యాసానికి అసలు కారణం. మెట్ల దృశ్యం గుర్తుందా? చేతిలో బేస్‌బాల్ బ్యాటుతో వెండీ వెనక్కి వెనక్కి మెట్లెక్కుతూ ఉంటుంది, భర్త జాక్ మీదమీదకి వస్తుంటాడు. సినిమాలో అక్కడ పెండెరెట్స్కీ తీగవాద్యాలు కందిరీగల్లా ముసురుకుంటాయి. ఆ ముసురులో షెల్లీ డువాల్ మొహం చూస్తే ‘అబ్బ, ఏమిటీ ఏడుపు’ అనిపించడం మామూలు. నాకూ ఆ విసుగు తెలుసు, మా విద్యార్థినుల మొహాల్లోనూ చూశాను. తీగలు తీసేస్తే? ఆమె ఊపిరి వినబడుతుంది. ఆ దృశ్యంలో ఆమె నిజంగా ఏం చెబుతోందో వినబడుతుంది. పిల్లవాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటోంది. తన గదికి వెళ్లి కాస్త ఆలోచించుకుంటానంటోంది. ఆ హోటల్లో తెలివిగల మాట మాట్లాడుతున్నది ఆ క్షణంలో ఆమె ఒక్కతే! జాక్ దాన్ని వెక్కిరిస్తాడు, సంగీతం అతనికి వంత పాడుతుంది.

అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లి మొత్తం మళ్లీ విన్నాను. ఉద్యోగం జాక్‌ది. బాయిలర్ గదిలో మీటర్లు చూసేది వెండీ. ఫోన్లు పనిచెయ్యనప్పుడు రేడియోలో రేంజరుతో మాట్లాడేది వెండీ. టిఫిను బండి తోసుకొచ్చేది వెండీ. భర్తని సామాన్ల గదిలోకి ఈడ్చి తాళం వేసేది, పిల్లవాణ్ణి బాత్రూం కిటికీలోంచి మంచులోకి జార్చి బతికించేది వెండీ. మొదట్లో డాక్టరమ్మతో, తాగి ఉన్నప్పుడు ఆయన కొడుకు భుజం ఎలా తప్పించాడో చెప్తూ, అది ఏదో పొరపాటుగా జరిగిపోయినట్టు నవ్వుతూ సర్దుకునే ఆ గొంతు! మన ఇళ్లల్లో, మన కౌన్సెలింగ్ గదుల్లో ఎన్నిసార్లు వినలేదు ఆ గొంతుని. ఇంత నటించిన మనిషిని 1981లో రాజీల వాళ్లు ‘చెత్తనటి’ అవార్డుకి నామినేట్ చేశారు. 2022లో వెనక్కి తీసుకున్నారు. డువాల్ 2024లో చనిపోయింది. నలభై ఏళ్ల పాటు ఆ మనిషి నటన మనకి కనబడలేదంటే, అందులో చెవి వాటా ఏమీ లేదా?

కార్లోస్, ఎల్కిండ్‌ల సంగీతం పెట్టాక సినిమా గొప్పదైపోయిందా? లేదు. కొన్నిచోట్ల బలహీనపడింది. పెండెరెట్స్కీ పెండెరెట్స్కీయే, అతని ముందు సింథసైజర్ ఒక్కోసారి పాతబడిన బొమ్మలా వినిపిస్తుంది. ఇది ఎవరు గొప్ప అనే పోటీ కాదు. ఎల్కిండ్ గొంతు ఉన్న చోట భయం మనిషిలోంచి వస్తుంది, బయటి నుంచి ముసరదు. ఆ గొంతు కింద వెండీని చూస్తే ఆమె వెర్రిదానిలా కాదు, భయపడుతూ పనిచేస్తున్న మనిషిలా కనిపిస్తుంది. అదీ తేడా. రెండు రూపాల్నీ పక్కపక్కన పెట్టి క్లాసులో చూపిస్తే ఒక అమ్మాయి అంది: “మేడమ్, మొదటిసారి నేను జాక్ పక్కన నిలబడి చూశానా?”

ఇప్పుడు దొంగతనం సంగతి. ఒకరి కళాఖండాన్ని ముట్టుకోకూడదట. కుబ్రిక్ ఏం చేశాడు? మ్యూజిక్ ఎడిటర్ గోర్డన్ స్టెయిన్‌ఫోర్త్ చేత ఇతరుల రికార్డులని ముక్కలు చేయించి, ఒకదాని మీద ఒకటి పరిపించి, తన దృశ్యాలకి అతికించుకున్నాడు. నేను చేసిందీ అదే. హక్కులు కొనే డబ్బు ఆయన వెనకున్న కంపెనీకుంది, నాకు లేదు. విమర్శ కోసం, పరిశోధన కోసం న్యాయంగా వాడుకోవడాన్ని మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను ఒప్పుకుంటుంది. నేను దీన్ని అమ్మడం లేదు, ఊరంతా పంచడం లేదు. అసలు కళాఖండం పవిత్రతని కాపాడేది ఎవరట? 2025 ఆగస్టులో ‘రాంఝణా’ (2013) తమిళ రూపం ‘అంబికాపతి’ని దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ వద్దంటున్నా ఏఐతో ముగింపు మార్చి మళ్లీ హాళ్లలో వదిలారు. యజమాని మారిస్తే వ్యాపారం, ఇంట్లో కూచుని ఆడమనిషి మారిస్తే ఖాళీ ఎక్కువై చేసిన పని!

‘ఖాళీ’ అన్నారు కాబట్టి ఒక చరిత్ర. ఫ్యాన్ ఎడిట్ల చరిత్ర చెప్పేవాళ్లు 2001లో ‘స్టార్ వార్స్’ సినిమాని కత్తిరించిన ‘ఫాంటమ్ ఎడిట్’ దగ్గర మొదలుపెడతారు. చేసింది మగవాడు, పత్రికలు మెచ్చుకున్నాయి. అంతకు పాతికేళ్ల ముందే, 1975లో, కాండీ ఫాంగ్ అనే ఆమె ‘స్టార్ ట్రెక్’ స్లైడులని పాటకి జతచేసి ప్రదర్శించింది. ఆ తర్వాత ఎందరో స్త్రీలు రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టుకుని, సెకన్లు లెక్కపెట్టుకుంటూ, తమకిష్టమైన సీరియళ్లకి వేరే పాటలు పెట్టి వేరే అర్థాలు చెప్పారు. వాటిని ‘విడ్’లు అంటారు. 2010లో అమెరికాలో, డివిడి తాళాలు తీసి వ్యాపారం కాని రీమిక్సులు చేసుకునే మినహాయింపు వచ్చిందంటే, అడిగినవాళ్లలో అలాంటి స్త్రీలు పెట్టుకున్న సంస్థ కూడా ఉంది. కుట్టుపని లాగే ఇదీ. మగవాడు చేస్తే డిజైన్, మనం చేస్తే కాలక్షేపం.

ఇక నా మిత్రురాలికి. వెట్టిచాకిరీ అన్నావు. నువ్వు ముప్పై ఏళ్లుగా పురాణాలు తిరగరాస్తున్నావు, శూర్పణఖకి గొంతిస్తున్నావు. వాల్మీకికి వెట్టి చేస్తున్నావని నిన్నెవరైనా అన్నారా? మన సొంత సంగీతం మనం చేసుకుందాం అన్నావు, చేసుకుందాం, కాదనను. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీసినప్పుడు సంగీతం పి. లీల చేసింది. భానుమతి చేసింది, శ్రీలేఖ చేసింది. ఆ తర్వాత వేళ్లు మిగులుతున్నాయి లెక్కపెట్టడానికి. రీరికార్డింగ్ గదిలో తెర ముందు కూచుని ‘ఇక్కడ వయొలిన్లు వద్దు, ఆమె మాట వినబడనీ’ అనేవాళ్లు కావాలంటే, అసలు అక్కడ వయొలిన్లు ఉన్నాయని వినిపించుకునే చెవి ముందు తయారవ్వాలి. అది పుస్తకం చదివితే రాలేదు నాకు, తీగ తీగా తీస్తే వచ్చింది.

ఒక్క చోట మాత్రం ఏమీ మార్చలేదు. ఆఖర్న హోటల్ గోడ మీద 1921 జులై 4 నాటి ఫోటోలో సూటు వేసుకుని జాక్ నవ్వుతూ ఉంటాడు, వెనక పాత డాన్సు పాట వస్తుంటుంది. ఆ పాట నిజానికి 1934 నాటిది, ఫోటోకి పదమూడేళ్ల తర్వాతది. కార్లోస్ ముక్క ఒకటి పెట్టి చూశాను, అతకలేదు. అతన్ని అక్కడ ఆ పెద్దమనుషుల మధ్య, వాళ్ల పాటతోనే వదిలేశాను. అప్పటికి వెండీ, పిల్లవాడూ మంచు బండెక్కి వెళ్లిపోయి చాలాసేపైంది.