శిక్షణ పిలుపు – చదవవలసిన షరతులు

బస్తర్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువన ఉన్న గొల్లపల్లికి రైలు లేదు. అక్కడి పట్టభద్రుడు సాంకేతిక శిక్షణ ఇంటర్వ్యూకు హైదరాబాదు వెళ్లాలంటే కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషనుకు వచ్చి రైలెక్కాలి. అంత ప్రయాసపడినవాడు చేతికిచ్చిన కాగితాన్ని కళ్లకద్దుకొని సంతకం చేయడంలో వింతలేదు. మన సభ్యుల బిడ్డలూ అదే చేస్తున్నారు.

శిక్షణ వేరు, ఉద్యోగం వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పరిధిలోకి పట్టభద్రులను 1973 సవరణ తెచ్చింది. ఆ చట్టపు 18వ సెక్షను ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. శిక్షణానంతరం అక్కడే పనిచేయాలన్న షరతు ఒప్పందంలో ఉంటేనే ఉద్యోగమిచ్చే బాధ్యత యజమానిపై పడుతుంది. అది అభ్యర్థినీ బంధిస్తుంది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందినవారికే ప్రాధాన్యమివ్వాలన్నది. ప్రాధాన్యం హామీ కాదు గదా!

ఇక బాండ్లు. కోర్టులో చెల్లవులే అని ధీమాపడరాదు. మూడేళ్లు పనిచేయాలి, లేదా రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది.

కనుక ఇంటర్వ్యూలో అభ్యర్థి కూడా ప్రశ్నించాలి: స్టైపెండ్ ఎంత? తరువాత ఏ హోదా, ఏ ఊరు? మధ్యలో మానితే ఎంత కట్టాలి? జవాబులు వ్రాతపూర్వకంగా కోరాలి. అసలు సర్టిఫికెట్లు అప్పగించరాదు.

రైల్వేలలో శిక్షణ ముగించిన అప్రెంటిసులకు లెవెల్-1 ప్రత్యక్ష నియామకాలలో 20 శాతం కేటాయింపు ఉంది. అట్టి ఏర్పాటు పట్టభద్ర శిక్షణార్థులకూ అన్ని ప్రభుత్వరంగ సంస్థలలో జరగాలని మేము కోరుతున్నాము. అంతవరకు, సోదరులారా, ఆ ఉత్తరం మీ ఇంటికి వచ్చిననాడు సంతకానికి ముందు మీ బ్రాంచి కార్యదర్శికి చూపండి.