వంపుగట్టు పొలమును తెరపై కొలుచుట

కూచిపూడి మొదలు దివిసీమ వఱకు గల పొలముల గట్లన్నియు తిన్నగా నుండవు. ఒకవైపు కాలువ వంపు తిరిగినచో, పొడవును వెడల్పుతో గుణించి విస్తీర్ణమును తేల్చుట పొసగదు. అట్టి వక్రరేఖ క్రింది వైశాల్యమును దీర్ఘచతురస్రములుగా విభజించి లెక్కించు పద్ధతిని నేడు కంప్యూటరు తెరపై క్షణములో చూపవచ్చును. 2001 లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గు విశ్వవిద్యాలయమున మార్కస్ హోహెన్‌వార్టర్ ఆరంభించిన జియోజిబ్రా ఇందుకు మిగుల ననుకూలము. అయినను తెరకు ముందు కాగితము రావలెనని మా యభిప్రాయము.

ఒక యుదాహరణము చూతము. తిన్నని గట్టు పొడవు 4 గొలుసు లనుకొందము. గొలుసు 66 అడుగులు గనుక ఒక చదరపు గొలుసు 10 సెంట్లు. మొదట పొలము వెడల్పు 2 గొలుసులు. పిమ్మట గొలుసు గొలుసునకు వరుసగా 2½, 3, 4, తుదకు 5 గొలుసులు. నడుమ నెచ్చటను తగ్గదు. ప్రతి ముక్కకును చిన్న వెడల్పునే గైకొన్నచో మొత్తము 115 సెంట్లు. పెద్ద వెడల్పును గైకొన్నచో 145 సెంట్లు. నిజమైన విస్తీర్ణ మీ రెంటి నడుమ నుండును. 30 సెంట్ల సందేహము రైతునకు స్వల్పము కాదు.

8 ముక్కలుగా కొలిచినచో ఆ వ్యత్యాసము 15 సెంట్లగును. 100 ముక్కలైనచో 1.2 సెంట్లు మాత్రమే. ఈ తగ్గుదలయే పద్ధతికి ప్రాణము. చేతితో నొకసారి లెక్కించిన విద్యార్థి, యంత్రమిచ్చిన అంకెను చూచి “ఇందు తప్పెంత యుండవచ్చును?” అని విచారించును. మీట నొక్కుట మాత్రమే నేర్చినవాడు విచారింపడు.

మఱియొక సంగతి. యంత్రము మనము గీచిన రేఖనే విభజించును, కాలువగట్టును చూడదు. పొలములో కొలిచినవి అయిదు వెడల్పులే యైనచో, తెరపై వేయి ముక్కలు చేసినను గట్టును గూర్చిన సందేహము తీరదు.

చేతిలెక్క వృథాశ్రమ మని కొంద ఱందురు. నూఱు ముక్కలను చేతితో లెక్కింపుమనుట నిజముగా వృథాశ్రమమే. ఆ పని యంత్రమునకే తగును. కాని నాలుగు ముక్కలకు చాలునది ఒక్క గడియ. కావున ఉపాధ్యాయులు మొదట నాలుగు ముక్కల లెక్కను రెండు విధములను చేయించి, పిదప తెరను చూపుదురు గాక. తలిదండ్రులును “ఎంత వచ్చినది?” అని మాత్రమే గాక, “ఏ రెంటి నడుమ?” అనియు బిడ్డల నడుగవలెను.