కంప్యూటరు కొన్నాం, కుర్చీ మరిచాం

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక మన ఐ.పోలవరం మండలంలోనూ రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారు పెరిగారు. మెడనొప్పి, నడుంనొప్పి అంటూ వచ్చేవారిని మేము మొదట అడిగేది: ఏ కుర్చీలో కూర్చుంటున్నారు?

వేలు పోసి కంప్యూటరు కొని, ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయడం పొదుపు కాదు. ఆఫీసైనా, నెట్ సెంటరైనా కంప్యూటరు ఖర్చులోనే మంచి కుర్చీనీ లెక్కవేయాలని మా అభిప్రాయం.

అంతవరకు ఇలా చేయండి. తెర పైఅంచు కంటి ఎత్తులో, తెర చేయి చాచినంత దూరంలో ఉండాలి. మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి. పాదాలు నేలకు ఆనకపోతే పీట వేసుకోండి. నడుం వెనుక తువ్వాలు చుట్టి పెట్టుకోండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని కొబ్బరిచెట్టును 20 సెకన్లు చూడండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. చేతులు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి.