చివర్లో పిలిచి చీవాట్లా?

ఫుట్‌బాల్ గురించి నీకేం తెలుసని రాస్తావంటారు మావారు. నిజమే. మా అబ్బాయి ఉప్పుగిన్నె, కారంగిన్నె పెట్టి మూడుసార్లు చెప్పినా ఆఫ్‌సైడ్ నాకు బోధపడలేదు. కానీ ఆఖరి నిమిషంలో పిలిపించుకోవడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మీకూ తెలుసు.

2021 జులైలో యూరో కప్ ఫైనల్. లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండుకీ ఇటలీకీ పోటీ. మనకి తెల్లవారుజామున మూడు దాటింది. చెరో గోలు. అదనపు సమయమూ అయిపోవస్తోంది, ఇక పెనాల్టీలే. అప్పుడు, 120వ నిమిషంలో, ఇంగ్లండు మేనేజరు సౌత్‌గేట్ ఇద్దరు కుర్రాళ్ళని దింపాడు. రాష్‌ఫర్డ్‌కి 23 ఏళ్ళు, సాంచోకి 21. రాష్‌ఫర్డ్ తన్నిన బంతి స్తంభానికి తగిలింది. సాంచోదీ, ఆఖరున 19 ఏళ్ళ సాకాదీ ఇటలీ గోలీ ఆపేశాడు. కప్పు ఇటలీకి పోయింది.

"నిలబెట్టిన బంతిని తన్నలేకపోయారు, వీళ్ళేం ఆటగాళ్ళు!" అన్నారు మావారు.

నాకు ఒళ్ళు మండింది. కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో మా ఆడపడుచు నిశ్చితార్థం గుర్తొచ్చింది. పొద్దుట్నించీ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆకులు వేశాక, "అమ్మాయ్, ఈ బూరెలు కాస్త వేసెయ్" అని చిల్లులగరిటె చేతిలో పెట్టారు. నూనె కాగిపోతోంది, తోపు ఎలా ఉందో చూసుకునే వ్యవధి లేదు. బూరెలన్నీ చీదిపోయాయి. తోపు కలిపిందెవరని ఒక్కరూ అడగలేదు. "వేసిందెవరు?" అనే అడిగారు.

ఆ కుర్రాళ్ళ సంగతీ అంతే. రెండు గంటలు పక్కన కూర్చోబెట్టి, కాళ్ళకి బంతి అలవాటు కాకముందే దేశం బరువంతా ఒక్క తన్నులో పెట్టమంటే ఎలా? ఓ పదిహేను నిమిషాలు ముందు దింపితే ఏం పోయింది? మార్చడానికి అవకాశాలు చేతిలోనే ఉన్నాయి కదా!

"2014 ప్రపంచ కప్పులో ఏమైందో నీకు తెలీదు" అంటారు మావారు. తెలుసు. కోస్టారికాతో పోటీలో నెదర్లాండ్స్ మేనేజరు వాన్ హాల్ సరిగ్గా ఇలాగే 120వ నిమిషంలో గోలీని మార్చాడు. కొత్తగా వచ్చిన క్రూల్ రెండు బంతులు ఆపాడు, జట్టు గెలిచింది, మేనేజరు మేధావి అయిపోయాడు. కానీ ఇక్కడో తేడా ఉంది. గోలీ పెనాల్టీ ఆపకపోతే ఎవరూ తిట్టరు, ఆపితే హారతి పడతారు. తన్నేవాడికి గోలు వేస్తే మెప్పు లేదు, తప్పితే జన్మంతా నింద. అదీకాక, ఆ పథకం క్రూల్‌కి ముందే తెలుసు. బయటికొచ్చిన సిల్లెసెన్‌కి తెలియదు. నాలుగు రోజుల తర్వాత అర్జెంటీనాతో మళ్ళీ పెనాల్టీలు వచ్చేసరికి మార్పులన్నీ అయిపోయాయి. పెనాల్టీలకి పనికిరావని లోకం ముందు పక్కకి పిలిచిన ఆ సిల్లెసెనే నిలబడాల్సి వచ్చింది. ఒక్కటీ ఆపలేదు. మేధావి ఆ మాట ముందు ఆలోచించాడా?

ఇది కొత్త రోగం కాదు. ప్రపంచ కప్పులో ఆటగాళ్ళని మార్చే పద్ధతి మొదలైన 1970లోనే, పశ్చిమ జర్మనీ మీద ఇంగ్లండు రెండు గోళ్ళ ఆధిక్యం పోగొట్టుకుని 3-2తో ఓడింది. మేనేజరు రామ్సే ఆట మధ్యలో బాబీ చార్ల్‌టన్‌ని బయటికి పిలిచేశాడు. ఆ నిర్ణయం గురించి వాదనలు జరిగాయి, నిజమే. కానీ నింద ఎక్కువగా మోసిందెవరు? అసలు గోలీ బాంక్స్‌కి కడుపు పాడైతే అతని చోట హడావుడిగా నిలబడిన బొనెట్టి. పాపం, అతను మళ్ళీ ఇంగ్లండుకి ఆడనే లేదు.

సౌత్‌గేట్ పెద్దమనిషే. శిక్షణలో బాగా తన్నారనే వాళ్ళని ఎంచుకున్నాననీ, నిర్ణయం తనదేననీ ఒప్పుకున్నాడు. కానీ విన్నదెవరు? ఆ ముగ్గురూ నల్లవాళ్ళు కావడంతో ఆ రాత్రే బూతులు కుమ్మరించారు. అంతకు ముందు ఏడాది, బీదపిల్లలకి సెలవుల్లోనూ తిండి పెట్టమని ప్రభుత్వం మెడలు వంచినవాడు ఈ రాష్‌ఫర్డే! మాంచెస్టరులో గోడమీద ఉన్న అతని బొమ్మని పాడుచేశారు. ఆ తర్వాత ఊళ్ళో జనం, పిల్లలతో సహా, ఆ మచ్చల మీద ప్రేమగా చీటీలు రాసి అంటించారు.

నా బూరెల మీద ఎవరూ చీటీ అంటించలేదు లెండి. అందుకే ఇకమీదట మావారు టీవీ ముందు కూర్చుని "పోగొట్టిందెవరు?" అంటే, "ఎప్పుడు పంపారు? ఎవరు పంపారు?" అని అడగదలచుకున్నాను. మీరూ అడగండి. ఆఫ్‌సైడ్ తెలియకపోయినా ఫరవాలేదు.