కాలికి ఎక్స్‌రే తీశారు సరే... రక్తనాళం సంగతేంటి?

రాజీవ్ రహదారిపైనో, ఆదిలాబాద్ జిల్లా మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారిపైనో బైక్ ప్రమాదం జరిగిందనుకోండి. కాలికి గట్టి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో ముందు ఎక్స్‌రే తీస్తారు. ఎముక ఎక్కడ విరిగిందో అది చూపిస్తుంది. పక్కనే ఉన్న ధమని తెగిందో లేదో మాత్రం చెప్పదు. కాలు దక్కుతుందా, తీసేయాల్సి వస్తుందా అన్నది చాలాసార్లు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఎంత సమయం ఉంటుంది?

ధమని తెగినా, గడ్డకట్టి మూసుకుపోయినా కింది భాగానికి రక్తం అందదు. అలా సుమారు ఆరు గంటలు దాటితే కండరాలు, నరాలు కోలుకోలేనంతగా దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. కరీంనగర్ నుంచి హైదరాబాద్ సుమారు 160 కి.మీ. ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కి.మీ., నాగ్‌పూర్‌కైతే 200 కి.మీ. అంటే ఆదిలాబాద్ బాధితుడికి ఉన్న గడువులో చాలా భాగం దారిలోనే కరిగిపోతుంది.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

* బీపీ పోలిక: చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే ధమని దెబ్బతిందని అనుమానించాలి. బీపీ పట్టీ, చేతిలో పట్టే చిన్న డాప్లర్ ఉంటే చాలు.
* డాప్లర్ స్కాన్: మంచం దగ్గరే చేయొచ్చు, రేడియేషన్ ఉండదు. అయితే చేసేవారి అనుభవం ముఖ్యం. వాపు, కట్లు, గాయాలు ఉంటే సరిగా కనిపించదు.
* సీటీ యాంజియో: కాంట్రాస్ట్ మందు ఎక్కించి నిమిషాల్లో కాలు మొత్తం చూస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇదే. కిడ్నీ సమస్య, అలర్జీ ఉంటే ముందే చెప్పండి.
* క్యాథెటర్ యాంజియోగ్రామ్: సీటీలో స్పష్టత రాకపోయినా, స్టెంట్ లాంటి చికిత్స వెంటనే చేయాల్సి ఉన్నా ఇది అవసరమవుతుంది. క్యాథ్ ల్యాబ్ కావాలి.

స్కాన్ కోసం ఎప్పుడు ఆగకూడదు?

రక్తం చిమ్ముతున్నా, వాపు చూస్తుండగానే పెరుగుతున్నా, పాదం చల్లబడి పల్స్ అందకపోయినా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే తీసుకెళ్లాలి. అవసరమైతే యాంజియోగ్రామ్ అక్కడే చేస్తారు. మోకాలి కీలు తప్పినప్పుడు మరీ జాగ్రత్త. దాన్ని సరిచేశాక పల్స్ అందినా, వెనుక ధమని లోపల చిరిగి ఉండొచ్చు. అందుకే మళ్లీమళ్లీ చూడాలి.

మీరు ఏం అడగాలి?

పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తుంటే మూడు ప్రశ్నలు అడగండి. పాదంలో పల్స్ ఉందా? దెబ్బ తగిలి ఎన్ని గంటలైంది? వెళ్లే చోట ఈ వేళలో వ్యాస్క్యులర్ సర్జన్ ఉన్నారా? ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే బయల్దేరండి. ఇక్కడ సీటీ తీస్తే ఆ సీడీ వెంట తీసుకెళ్లండి, మళ్లీ తీయించే సమయం మిగులుతుంది.

ఖర్చుకు భయపడి ఆలస్యం చేయొద్దు. 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది.

జిల్లాకో సీటీ యంత్రం ఉంటే మంచిదే. అర్ధరాత్రి దాన్ని నడిపి, రిపోర్టు చదివేవారు లేకపోతే అది గది తలుపు వెనుకే ఉండిపోతుంది. ప్రతి రిఫరల్ చీటీపై పల్స్, బీపీ పోలిక, ప్రమాదం జరిగిన సమయం రాయడానికి మాత్రం పెద్ద ఖర్చేమీ కాదు. ఆ మూడూ రాసి ఉంటే, అవతలి డాక్టర్ బాధితుడు చేరేలోపే థియేటర్ సిద్ధం చేసుకోగలరు.