ఆజ్ఞకు విభక్తి అక్కరలేదా?

కంప్యూటరుకు చెప్పే మాటలో వ్యాకరణం వెదకడం తెలుగు పండితుల చాదస్తమని కొందరు మిత్రుల అభిప్రాయం. నేను ఒప్పుకోను. నల్లని తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కే ఆ ఆదేశాన్ని పిల్లలు కమాండ్ లైన్ అంటారు. నేను ఆజ్ఞావాక్యం అంటాను, ఎందుకంటే అది అచ్చంగా వాక్యమే. ముందున్న పదం క్రియ. వెనుక వచ్చేవి కారకాలు: దేనిని, దేనితో, ఎక్కడికి.

ఆ వాక్యాన్ని ముందుగా షెల్ అనేది పదాలుగా విడదీస్తుంది. ఖాళీ కనబడిన చోటల్లా తెగగొడుతుంది. 'పాత పద్యాలు' అని ఫైలుకు పేరు పెడితే దాని దృష్టిలో అవి రెండు ఫైళ్ళు; ఉద్ధరణ చిహ్నాల మధ్య బంధిస్తేనే సమాసమై ఏకపదమవుతుంది. ఇలా తెగిన ముక్కలు పైథాన్ ప్రోగ్రాముకు ఒక జాబితాగా అందుతాయి. వాటికి అన్వయం చెప్పుకోవలసిన భారం ప్రోగ్రాము వ్రాసినవానిది. నా ఫిర్యాదు ఆ అన్వయం గురించే.

'అత్త కోడలిని తిట్టింది' అన్నా, 'కోడలిని అత్త తిట్టింది' అన్నా మనకు అర్థం మారదు. తిట్లు తిన్నది ఎవరో 'ని' అనే ప్రత్యయం చెబుతున్నది. పదం ఎక్కడ కూర్చున్నా తన విభక్తిని తనతోనే మోసుకొని పోతుంది. ఆంగ్లంలో ఆ రెండు పదాల చోటు మార్చి చూడండి, తిట్టిన మనిషే మారిపోతుంది. ఆజ్ఞావాక్యంలోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. చోటును బట్టి అర్థమిచ్చే ముక్కలు ఒక రకం. ముందు చిన్న గీత, లేదా జంట గీతలు పెట్టుకొని తన పేరు తాను చెప్పుకొనే ఆప్షన్లు రెండో రకం. ఈ రెండవదే విభక్తి గల మాట. మనకు పుట్టుకతో అబ్బిన పద్ధతి అది. అయినా మన పిల్లలు వ్రాసే స్క్రిప్టులన్నీ ఆంగ్లపు వరుసక్రమాన్నే పట్టుకొని వేలాడటం నాకు వింతగా ఉంటుంది.

వరుసను నమ్మితే ఏమవుతుందో యూనిక్స్ వాడినవారికి తెలియనిది కాదు. సీపీ అనే ఆదేశంలో మూలం ముందు, గమ్యం తర్వాత. టార్ అనే మూటకట్టే ఆదేశంలో ఎఫ్ అనే అక్షరం వెంటనే మూట పేరు రావాలి, అంటే గమ్యమే ముందు. మూట పేరు మరచి కట్టవలసిన ఫైళ్ళ పేర్లే వరుసగా ఇచ్చామా, మొదటి ఫైలునే మూట అనుకొని దాని మీద వ్రాసేస్తుంది. పాపం తిరిగి అడగదు.

మా హిమాయత్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళు పాడే బతుకమ్మ పాటలు కొన్నింటిని కుర్రవాళ్ళు సేకరించి టైపు చేశారు. ఆ ఫైలులో అక్షరదోషాలు, అడ్డదిడ్డపు ఖాళీలు తీసేయడానికి నా పాత శిష్యుడొకడు పైథాన్‌లో చిన్న స్క్రిప్టు కట్టి ఇచ్చాడు. రెండు ఫైలుపేర్లు ఇవ్వాలి: మొదటిదానిని చదివి రెండవదానిలో వ్రాస్తుంది. ఇంకో కుర్రవాడు వ్రాయవలసినదే ముందు ఇవ్వాలనుకొన్నాడు. పాత చిత్తుప్రతి పేరు ముందూ, మూడు వారాలు కూర్చొని చేత్తో దిద్దిన ప్రతి పేరు వెనుకా ఇచ్చాడు. యంత్రం చెప్పినట్లే చేసింది. చిత్తుప్రతిని తీసుకుపోయి దిద్దిన ప్రతి మీద పరిచింది. వేరే నకలు లేదు. ఆ పాటల్లో నాలుగింటిని దగ్గరుండి పలికి దిద్దించిన అవ్వ అంతకు నెల ముందే కన్నుమూసింది. ఇప్పుడు ఆ నాలుగింటిలో కొన్ని మాటలు ఏమిటో చెప్పగలవారు లేరు.

ఆ కుర్రవాణ్ణి నేను తప్పు పట్టను. విభక్తి లేని వాక్యం ఇచ్చి, అన్వయం తప్పాడని అడిగితే ఎలా?

పైథాన్‌లో దీనికి మార్గం లేక కాదు. సీ భాష నుండి వచ్చిన గెట్‌ఆప్ట్ పద్ధతి మొదటినుండీ ఉన్నది. గ్రెగ్ వార్డ్ వ్రాసిన ఆప్టిక్ 2003లో ఆప్ట్‌పార్స్ పేరుతో పైథాన్ 2.3లో చేరింది. స్టీవెన్ బెథార్డ్ చేసిన ఆర్గ్‌పార్స్ 2010లో 2.7 తోపాటు ప్రామాణిక గ్రంథాలయంలోకి వచ్చింది. పది పంక్తులు వ్రాస్తే చాలు, తక్కిన పని అదే చూసుకొంటుంది.

ఆర్గ్‌పార్స్ చేసే పని చూస్తే నాకు మన శాస్త్రకారులు గుర్తుకు వస్తారు. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలన్నారు. 'తెచ్చాడు' అనగానే 'ఏమిటి?' అని మనసు అడుగుతుంది, అది ఆకాంక్ష. తప్పనిసరి ఆప్షన్ ఇవ్వకపోతే ఆర్గ్‌పార్స్ కూడా అలాగే అడిగి ఆగిపోతుంది. నిప్పుతో తడుపుతున్నాడంటే మాటలు కుదిరినా అర్థం కుదరదు, యోగ్యత లేదు. సంఖ్య ఉండవలసిన చోట పేరు ఇస్తే ఇదీ ఒప్పుకోదు. ఇక్కడ నాకు ముచ్చట కలిగించిన సంగతి ఒకటి ఉంది: పూర్ణసంఖ్య కావాలన్న చోట ౧౨ అని తెలుగు అంకెలు వేసినా పైథాన్ పన్నెండుగానే గ్రహిస్తుంది. మన బడిపిల్లలలో ఎందరు గ్రహిస్తారో!

సన్నిధి దగ్గర మాత్రం కొంచెం మెలకువ కావాలి. ఒక ఆప్షన్‌కు ఎన్ని విలువలైనా ఇవ్వవచ్చునని ప్రోగ్రాములో చెబితే, దాని వెనుక వచ్చే వరుస ముక్కలన్నిటినీ అదే మింగేస్తుంది, చివర ఉన్న ఫైలుపేరుతో సహా. 'మొదలగునవి' అనే మాట లేని జాబితా వంటిదది, ఎక్కడ ముగిసిందో తెలియదు. జంట గీతలు ఒంటరిగా వ్రాస్తే అక్కడితో ఆప్షన్లు చాలు, ఇక వచ్చేవన్నీ ఉత్త పేర్లేనని అర్థం. గీతతో మొదలయ్యే ఫైలుపేరు ఇవ్వాలన్నా అదే ఉపాయం. ఒక హెచ్చరిక: కొన్ని వ్రాత సాధనాలు జంట గీతలను తామే కలిపి ఒక పొడవు గీతగా మార్చేస్తాయి. అక్కడినుండి అతికిస్తే అది ఆప్షన్ కానే కాదు.

ఇచ్చినదాని సంగతి ఇది. ఇవ్వనిదానిని పూరించడం అధ్యాహారం. 'ఇంటికి వెళ్ళాను' అంటే 'నేను' అని మనమే చేర్చుకొంటాము. ప్రోగ్రాములో డిఫాల్ట్ విలువ అంటే ఇదే. నా మాటగా చెబుతున్నాను, అధ్యాహారం ఎప్పుడూ హాని లేని వైపే ఉండాలి. చెరిపివేయడం, ఉన్నదాని మీద వ్రాయడం నోరు తెరిచి చెబితే తప్ప జరగకూడదు.

తెలుగు వికీపీడియాలో 2003 నుండి జరుగుతున్న పనిని గమనించేవారికి పైవికీబాట్ తెలిసే ఉంటుంది. వందల పేజీలలో ఒక మాటను ఇంకొక మాటగా మార్చే రిప్లేస్ అనే స్క్రిప్టు అందులో ఉంది. పాత మాట ముందు, కొత్త మాట తర్వాత, ఇది కూడా వరుసను నమ్మినదే. ఐతే ప్రతి పేజీకీ అనుమతి అడుగుతుంది; 'ఆల్వేస్' అని ఆప్షన్ ఇస్తేనే అడగడం మానుతుంది. అధ్యాహారం సరిగా ఉన్నదంటే ఇదీ. 'శతృవు' అని తప్పుగా వ్రాసేవారు చాలామంది గనుక 'శతృ'ను 'శత్రు'గా మార్చమని ఎవరైనా ఆజ్ఞ ఇచ్చారనుకోండి. సంస్కృత వ్యాకరణంలోని శతృ ప్రత్యయం కాస్తా శత్రు ప్రత్యయమై కూర్చుంటుంది! అడిగే యంత్రమైతే అక్కడ ఆపవచ్చు. ఫలానా మాటలున్న పేజీల జోలికి పోవద్దని చెప్పే ఆప్షన్లు కూడా ఆ స్క్రిప్టులో ఉన్నాయి. మినహాయింపు లేని సూత్రం వ్యాకరణంలో బ్రతకదని వ్రాసినవారికి తెలుసు.

పొడి అక్షరాల గురించీ, కుదింపుల గురించీ ఒక మాట. ఆర్గ్‌పార్స్‌లో పొడవైన ఆప్షన్ పేరును సగం వ్రాసినా సరిపోతుంది, ఆ సగంతో మొదలయ్యే పేరు ఇంకొకటి లేకపోతే. 'హిమాయత్' వరకు చెప్పి వదిలేస్తే హిమాయత్‌నగరా, హిమాయత్‌సాగరా? సందిగ్ధమని ఆగిపోతుంది, మంచిదే. కాని నేడు ఒకటే ఉన్నచోట రేపు రెండవ పేరు చేరితే నిన్నటి ఆజ్ఞ నేడు చెల్లదు. (మా ఊరి పేరు చెబితే ఎప్పుడూ నగరంలోని హిమాయత్‌నగరే అనుకొంటారు, మొయినాబాద్ మండలమని విడమరచి చెప్పడం మాకు అలవాటే.) 2015లో వచ్చిన 3.5 నుండి ఈ కుదింపును మాన్పించే వీలు కల్పించారు. మాన్పించడమే మేలని నా అభిప్రాయం.

ఆప్షన్ల పేర్లు తెలుగులోనే ఎందుకు పెట్టకూడదు? పైథాన్ 3 ఒప్పుకొంటుంది. పాటలు పోయిన తర్వాత నా శిష్యుడు స్క్రిప్టును తిరగవ్రాశాడు. చదవవలసిన ఫైలుకు --నుండి, వ్రాయవలసినదానికి --లోకి. ఫైలు అప్పటికే ఉంటే ఆగిపోతుంది. మీద వ్రాయాలంటే --చెరిపి అని విడిగా చెప్పాలి. "సారూ, ముగ్గురం వాడేదానికి ఇంత వ్యాకరణమా?" అని నవ్వాడు. పేర్లు పెట్టేటప్పుడు తనకే ఒక లాభం కనబడింది. ఆంగ్లంలో 'ఫ్రమ్' అని పెడితే అది పైథాన్ తనకోసం దాచుకొన్న మాట గనుక లోపల వేరే పేరు కల్పించుకోవాలి. 'నుండి'కి ఆ బాధ లేదు. చిక్కు అసలు లేదనను. హిమాయత్‌నగర్ అన్న మాటలో పొల్లు తకారం తర్వాత కంటికి కనబడని విభాజకం ఒకటి ఉంటుంది; లేకపోతే నకారం కిందికి దిగి వత్తు అయిపోతుంది. అది ఉన్న మాటను పైథాన్ చరరాశి పేరుగా అంగీకరించదు. అది ఉన్న ఫైలుపేరు, లేని ఫైలుపేరు యంత్రానికి వేర్వేరు.

సహాయపు మాటలు కూడా తెలుగులో వ్రాసుకోవచ్చు. ఆర్గ్‌పార్స్ తానుగా పలికే మాటలు గెట్‌టెక్స్ట్ ద్వారా పోతాయి గనుక వాటినీ అనువదించవచ్చు. గుణింతాలను, వత్తులను విడి అక్షరాలుగా లెక్కించడం వలన వరుసలు కాస్త వంకర పోతాయి. చదవడానికి అడ్డం కాదు. మా స్క్రిప్టు మొదటి పంక్తిలో వచ్చే 'యూసేజ్'కు శిష్యుడు 'వినియోగం' అని పెట్టాడు. నేను కొట్టివేసి 'వాడే తీరు' అన్నాను. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెబితే మార్చడానికి ఇద్దరమూ సిద్ధమే.